ఒకే కార్డు మీద నాలుగు చేతులు

నాకు కోపం ఎక్కువ. మా కోరుట్ల వాడకట్టులో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. యూనివర్సిటీలో నా గైడ్ ప్రేమ్‌కుమార్ సార్‌ని అడిగితే ఇంకా బాగా చెబుతాడు. ‘చెబుతారు’ అని గౌరవంగా రాద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు.

లాక్‌డౌన్ పెట్టిన ఏడాది అది. హాస్టళ్ళు ఖాళీ చేయించారు. నేను ఒక లాప్‌టాప్, నాలుగు జతల బట్టలు, ఐదో ఏడు నడుస్తున్న పీహెచ్‌డీ పట్టుకుని మా అమ్మ లింగవ్వ దగ్గరికి వచ్చి పడ్డాను. బాపు సమ్మయ్య మస్కట్‌లో ఉన్నాడు. కంపెనీ మూతపడి నాలుగు నెలలైంది. క్యాంపులో ఇరవై మందితో కలిసి కూర్చుని ఎవరైనా విమానం ఎక్కిస్తారేమోనని ఎదురుచూస్తున్నాడు. అమ్మ పొద్దున లేచిన దగ్గర్నుంచి చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంది. చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో తునికాకు, చేతికందేలా కత్తెర. ఆమెకు ఎదురుగా గోడకు ఆనుకుని నేను ఒక కృష్ణబిలం ఎంత వేగంగా తిరుగుతుందో కొలుస్తున్నాను.

“ఏం సదువే పొల్లా గిది, ఐదేండ్ల సంది ఒడుస్తనే లేదు?” అని అడిగింది పక్కింటి సత్యవ్వ ఒకరోజు. చెప్పాను. అంతా విని, “దానితోని నౌకరీ అస్తదా?” అంది. నాకు ఒళ్ళు మండింది. అది సరైన ప్రశ్న కాబట్టే మండింది.

సత్యవ్వకు చెప్పిందే మీకూ చెబుతాను. కృష్ణబిలం కనబడదు. పక్కనున్న నక్షత్రం నుంచి అది లాక్కునే వాయువు మాత్రం కనబడుతుంది. ఆ వాయువు నేరుగా వెళ్ళి లోపల పడదు. చుట్టూ పళ్ళెంలా పరుచుకుని, తిరుగుతూ తిరుగుతూ లోపలికి జారుతుంది. జారేకొద్దీ వేడెక్కి ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. ఆ పళ్ళెం ఒక అంచు దాకానే ఉంటుంది. అంచు దాటిన వాయువు ఇక తిరగలేక లోపలికి పడిపోతుంది. కృష్ణబిలం ఎంత వేగంగా తిరిగితే ఆ అంచు అంత దగ్గరికి వస్తుంది, అంత వేడిగా ఉంటుంది. కాబట్టి ఎక్స్‌రేల వేడినీ వెలుతురునూ కొలిస్తే అంచు ఎక్కడుందో తెలుస్తుంది, అంచు తెలిస్తే తిరిగే వేగం తెలుస్తుంది. అసలు తిరగకపోతే సున్నా. ఎంత తిరిగినా ఒకటి దాటదు.

ప్రేమ్‌కుమార్ సార్ ఆరేళ్ళ కింద ఒక కృష్ణబిలాన్ని కొలిచి 0.97 అని ప్రకటించాడు. దాదాపు హద్దు దగ్గర. ఆ ఒక్క అంకెతో ఆయనకు పేరొచ్చింది, ప్రొఫెసర్ పదవి వచ్చింది, సొంతూరు సిరిసిల్లలో శాలువా కప్పారు. నేను చేరినప్పుడు “మనదిక్కు పిల్ల” అని డిపార్ట్‌మెంట్ అంతా చెప్పుకున్నాడు. నాకు అప్పగించిన పని ఏమిటంటే, అదే కృష్ణబిలాన్ని రెండు నెలల వ్యవధిలో తీసిన మరో పదకొండు రోజుల డేటాతో కొలిచి 0.97 నిజమేనని చూపించడం. నా థీసిస్ మొత్తం దాని మీదే నిలబడాలి.

నిలబడలేదు. వెలుతురు ఎక్కువగా ఉన్న ఆరు రోజుల్లో 0.97 చక్కగా వచ్చింది. వెలుతురు తగ్గిన ఐదు రోజుల్లో 0.6 వచ్చింది. కరెంటు తగ్గితే మెల్లగా తిరగడానికి కృష్ణబిలం మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ కాదు. దాని వేగం రెండు నెలల్లో కాదు గదా, రెండు వేల ఏళ్ళలో కూడా మారదు. సార్‌కి రాస్తే ఒక్క లైన్ జవాబు వచ్చింది. ‘వెలుతురు తక్కువున్న రోజులు పనికిరావు, తీసెయ్యి.’ ఎందుకు పనికిరావో రాయలేదు. నేను వారం రోజులు ఆ లైన్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజుల్లో బీడీ కంపెనీ వారానికి మూడు రోజులే పని ఇచ్చేది. చుట్టిన కట్టలు గంపలో పెట్టుకుని అమ్మ వెంట కార్ఖానాకు వెళ్ళాను. అక్కడ కంపెనీ తరఫున ఓదెలు కట్టలు చూస్తాడు. వదులుగా ఉన్నవీ, వంకర పోయినవీ ఏరి పక్కకు విసిరేస్తాడు. నా చిన్నప్పుడూ ఆ కుర్చీలో ఆయనే. పుస్తకంలో అమ్మ పేరెదుట అంకె రాసుకుని ఆశ్చర్యపోయాడు.

“ఏంది లింగవ్వక్కా, గీ వయసుల నీ చెయ్యి మల్ల మిషన్ లెక్క ఉరుకుతుంది?”

వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వి ఊరుకుంది. నేను నేల చూపులు చూశాను. ఆ కట్టల్లో సగం చుట్టింది నేనే. కంపెనీ ఇచ్చిన బీడీ కార్డు మీద ఉన్నది అమ్మ పేరు ఒక్కటే కాబట్టి ఇద్దరం చుట్టినా పుస్తకంలో ఒక్కతే. ఒక్కతే, చాలా వేగంగా చుట్టే ఒక్కతి.

తిరిగి వస్తూ నడిబజార్లో ఆగిపోయాను.

మా ఎక్స్‌రే కెమెరా కాంతిని కణం కణంగా పట్టుకుంటుంది. ఒక్కో కణం ఎంత బలంగా తగిలిందో రాసుకుంటుంది. వెలుతురు మరీ ఎక్కువైతే రెండు కణాలు ఒకే గడిలో, ఒకే క్షణంలో పడతాయి. కెమెరాకు రెండని తెలియదు. ఒకే బలమైన కణం పడిందని రాసుకుంటుంది. అప్పుడు లెక్కలో కణాలు తగ్గుతాయి, బలం పెరుగుతుంది. వెలుతురు తగ్గి వేడి పెరిగినట్టు కనబడితే పళ్ళెం అంచు చాలా దగ్గరికి వచ్చిందని అర్థం చేసుకుంటాం. కృష్ణబిలం గిర్రున తిరుగుతోందని రాసేస్తాం. తను వాడిన పద్ధతిలో ఈ సమస్య రాదని సార్ తన పేపర్లో ఒక వాక్యం రాసి వదిలేశాడు. నేను ఐదేళ్ళుగా ఆ వాక్యాన్ని నమ్మాను.

“ఏమైందే, గట్ల నిలవడ్డవ్?” అంది అమ్మ.

“ఒక్కటి కాదమ్మా, రెండు. ఇద్దరిని ఒక్కరనుకుంటున్నం!”

అమ్మ నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. “నోరు మూస్కో. మల్ల నా కార్డు తీపిస్తవా ఏంది?”

ఆ ‘మల్ల’ అన్న మాటకు పాత కథ ఉంది. నాకు పదేళ్ళప్పుడు మేం ఇలాగే ఇద్దరం చుట్టేవాళ్ళం. పుస్తకంలో రోజుకు పద్నాలుగు వందల బీడీలు, ఒకటే పేరు. కోరుట్లలో అంత వేగంగా చుట్టే మనిషి లేదని అమ్మకు పేరొచ్చింది. ఓదెలుకు నిజం తెలుసు. ఒకరోజు మా గడపలో నిలబడి నా వేళ్ళ వంక చూసి, “పొల్ల మంచిగ సుడుతుంది” అని మెచ్చుకుని, మర్నాటి నుంచి ఆకు ఎక్కువ ఇచ్చిన మనిషే ఆయన. తర్వాత ఆఫీసర్లు తనిఖీకి వచ్చారు. పద్నాలుగు వందలు నమ్మలేదు. అమ్మను అందరి ముందూ కూర్చోబెట్టి, గడియారం చూస్తూ గంటసేపు చుట్టించారు. తొంభై అయ్యాయి. మిగతావి ఎవరు చుడుతున్నారని అడిగారు. “ఎవ్వలు లేరు సారూ, ఇయ్యాల నా చెయ్యి సాగుతలేదు” అంది అమ్మ. “నాకేం ఎరుక సారూ” అన్నాడు ఓదెలు.

నేను చెయ్యెత్తాను. బళ్ళో ఎత్తినట్టు ఎత్తి, “సగం నేను సుడుత సార్” అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నాకింకా గుర్తుంది.

చిన్నపిల్లతో చుట్టిస్తోందని కార్డు తీసేశారు. రెండేళ్ళు ఇంటికి ఆకు లేదు. కూలి దొరికిన రోజు తిన్నాం, లేని రోజు లేదు. ఆ రెండో ఏడు బాపు మస్కట్ విమానం ఎక్కాడు. కాళ్ళావేళ్ళా పడి అమ్మ మళ్ళీ కార్డు తెచ్చుకుంది గానీ, బాపు మాత్రం మధ్యలో చుట్టంలా వచ్చిపోవడమే. “నీ నోటి వల్లనే మీ బాపు పాయె” అన్న మాట నేను ఈ పదిహేడేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ఎస్సెస్సీలో మండలం ఫస్టు వచ్చిన రోజు కూడా విన్నాను.

అమ్మ అప్పుడు గడియారం ముందు కూర్చున్నట్టే నేను నా డేటాను కూర్చోబెట్టాను. కెమెరా గడుల్లో వెలుతురు అంతా వచ్చి పడే నడిమి వరుసలు తీసేస్తే, కణాలు పలచగా పడే పక్క వరుసలు మిగులుతాయి. అక్కడ రెండు కలిసి పడే అవకాశం తక్కువ. ఆ పక్క వరుసలతోనే ఆరు రోజులనూ మళ్ళీ కొలిచాను. 0.59 వచ్చింది. మరోసారి చేశాను. 0.61. వెలుతురు తగ్గిన రోజుల లెక్కతో సరిపోయింది. పదకొండు రోజులూ ఒకే మాట చెప్పాయి. నాకు ఏడుపొచ్చింది, అంత సంతోషం. ఆ రాతనంతా సార్‌కి పంపాను.

రెండు రోజుల తర్వాత బాపును తెప్పించమని దరఖాస్తు ఇవ్వడానికి జగిత్యాల కలెక్టరాఫీసుకు వెళ్ళాను. వరుసలో నా ముందు యాభై మంది ఆడవాళ్ళు, అందరి చేతుల్లో పాస్‌పోర్టు జిరాక్సులు. సార్ ఫోన్ అప్పుడే వచ్చింది.

“రాధికా, నీ సినాప్సిస్ మీద నా సంతకం కావాలి. ఈ నెలాఖరే గడువు, మళ్ళీ పొడిగించరు. ఆ ఐదు రోజులూ, నీ నడిమి వరుసల గొడవా తీసేసి, కాపీ పట్టుకుని సిరిసిల్ల రా.”

“తీసేస్తే తప్పవుతది సార్.”

“సంతకం లేకుంటే నీ ఐదేళ్ళు గంగల కలుస్తయి. అది తప్పు కాదా?”

కోపమొచ్చినప్పుడు ఆయన భాష కూడా మా భాషే అవుతుంది. అంతటితో ఊరుకోలేదు. నేను ఇల్లు చేరేలోపు అమ్మకు కూడా ఫోన్ చేశాడు. వచ్చేసరికి అమ్మ చాట పక్కన పెట్టి కాచుక్కూర్చుంది.

“ఆ సారు ఏం అడుగుతుండు నిన్ను?”

“అబద్ధం రాయమంటుండు.”

“రాసియ్యి. ఎన్నడు కనవడని దాని మీద నిజమేంది, అబద్ధమేంది? మీ బాపు ఆడ తిండికి లేక సస్తుండు. నీకు నౌకరన్న అస్తే గా మనిషి ఇంటికస్తడు. పదేండ్ల పొల్లవప్పుడు తెల్వక చెప్పినవ్. ఇప్పుడు ఎరుకుండి నోరు తెరిస్తే నా ఇంట్ల అడుగు పెట్టకు.”

నేనూ ఊరుకోలేదు. అనకూడనివన్నీ అన్నాను. నన్ను చుట్టమని కూర్చోబెట్టింది ఎవరని అడిగాను. ఆ మాటకు ఆమె ముఖం పాలిపోయింది. ఆ రాత్రి ఇద్దరం తినలేదు.

మర్నాడు పొద్దున సిరిసిల్ల బస్సెక్కాను. సంచిలో రెండు కాపీలు ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి సార్ అడిగింది. రుద్రంగి దాటేసరికి సార్ అడిగిన కాపీ తీసి పైన పెట్టుకున్నాను. అబద్ధమెందుకు, ఇచ్చేద్దామనే వెళ్ళాను. ఆయన పొరపాటు పడ్డాడు, పొరపాటు ఎవరైనా పడతారు, ముందు నౌకరీ రానీ, తర్వాత దిద్దుకుందామని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

సార్ వాళ్ళ ఇంటి కింది భాగమంతా వాళ్ళన్న సాంచల కార్ఖానా. మరమగ్గాలు ధడధడమని కొడుతుంటే పక్క మనిషి మాట వినబడదు. సార్ నన్ను వరండాలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కరోనా కదా, అన్నాడు. నాకు కాగితం గ్లాసులో చాయ్, ఆయనకు పింగాణీ కప్పులో. కరోనా వల్లేనని నమ్మాను. నమ్మితే లేవాల్సిన పని ఉండదు.

“తెచ్చినవా?”

కాపీ ఆయన చేతిలో పెట్టాను. తిరగేసి చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. అప్పుడైనా నేను నోరు మూసుకోవాల్సింది.

“సార్, ఒక్కటి అడుగుత. ఆ నడిమి వరుసలు తీసి మీరెప్పుడన్న సూసిండ్రా?”

లేదంటాడనుకున్నాను. లేదన్నా బాగుండేది. ఆయన నవ్వాడు.

“సూడకుంట ఉంటనా? పేపరు అచ్చయిన మూడో నెలల్నే సూసిన. అప్పటికే పేరొచ్చె, పేపర్లల్ల ఫొటో వడె. ఇంక ఏం జేస్త? అయినా ఎవలకు నష్టం చెప్పు? మనం ఏం రాసుకున్నమో ఆ కృష్ణబిలంకు తెలుస్తదా?”

నాకు తెలుస్తుంది. ఐదేళ్ళు పొద్దుమాపూ ఆ తప్పు అంకె చుట్టూ తిరిగింది నేను. తప్పని ఎరిగే నన్ను దాని ముందు కూర్చోబెట్టి, ఇంకో చేత్తో అదే రాయించి, చూశారా ఇద్దరికీ ఒకటే వచ్చిందని చెప్పుకోవాలనుకున్నాడు. మనదిక్కు పిల్ల అన్నది అందుకు. ఆయన చేతిలో కాపీ లాక్కున్నాను. పెన్ను గీత అడ్డంగా పడింది గానీ సంతకం పడలేదు.

“గీ అంకె నేను రాయ సార్.”

“రాయకుంటే ఏం జేస్తవ్? పో, పోయి మీ అమ్మోలె బీడీలు సుట్టుకో!” మగ్గాల చప్పుడు మించి అరిచాడు.

“సుట్టుకుంట. అది నాకొచ్చిన పనే.”

సిరిసిల్ల బస్టాండులో కూర్చుని, నా కాపీనీ, ఆయన తెలిసి దాచాడన్న మాటనూ, గైడ్‌ను మార్చమన్న అర్జీనీ కలిపి ఫోన్‌లోంచే యూనివర్సిటీ రీసెర్చ్ కమిటీకి మెయిల్ చేసేశాను. ఇల్లు చేరితే అమ్మ పంపనివ్వదని తెలుసు. ధైర్యంగా ఉన్నానని అబద్ధం చెప్పను.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. “సంతకం పెట్టిండా?”

“పెట్టలే.”

“చెప్పినవా?”

“చెప్పిన. అందరికి చెప్పిన.”

కత్తెర విసిరింది. నాకు తగల్లేదు, తలుపుకు తగిలింది. రెండు రోజులు మా మధ్య మాట లేదు. అయినా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చుడుతూనే ఉన్నాం, కంపెనీ ఆకు ఆగదు కాబట్టి. కమిటీ నుంచి జవాబు రాలేదు, బాపు నుంచి ఫోన్ రాలేదు. రెండో రోజు సాయంత్రం అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

“ఆ సారుకు తప్పని ముందుగాల్నే ఎరుకనా?”

“ఎరుకనే. నాతోని అన్నడు.”

“ఎరుకుండే నిన్ను రాయమన్నడా?”

“ఎరుకుండే.”

అమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని చుట్టి, దారం కట్టి, కట్టలో పెట్టింది.

మర్నాడు కార్ఖానాలో ఎప్పటిలాగే వరుస. ఓదెలు కట్టలు లెక్కబెట్టి, పుస్తకంలో రాసుకుని, అలవాటుగా నవ్వాడు. “గిన్నియా లింగవ్వక్కా! చెయ్యా, మిషనా?”

అమ్మ నవ్వలేదు.

“నా చెయ్యి గాదు ఓదెలన్నా. సగం నా బిడ్డ సుట్టింది.”

నేను అమ్మ కొంగు లాగాను. విదిలించుకుంది.

“అప్పుడు గుడ సగం గిదే సుట్టింది. నీకు ఎరుకనే. మా గడపల నిలవడి సూసి ఆకు ఎక్కువిచ్చినవ్. ఆఫీసర్లు అడిగితే నాకేం ఎరుక అన్నవ్. నేను గుడ ఎవ్వలు లేరన్న. మన ముగ్గురిట్ల నిజం చెప్పింది పదేండ్ల పొల్ల. నేను నిన్ను ఒక్కనాడు తిట్టలే. దీన్ని పదిహేడేండ్లు తిట్టిన.”

ఓదెలు అటూ ఇటూ చూశాడు. “గిప్పుడెందుకక్కా గా ముచ్చట, నలుగుట్ల?”

“రాయి. ఇద్దరని రాయి.”

“ఒక్క కార్డుకు ఒక్కల పేరే రాస్తరు. ఒక్కల ఆకే ఇస్తరు” అన్నాడు ఓదెలు ముఖం గంటు పెట్టుకుని. పేరు రాయలేదు. తూచిన ఆకు మూట మళ్ళీ విప్పి, సగం తీసి పక్కన పెట్టి, మిగిలింది మా వైపు తోశాడు. అమ్మ దాన్ని గంపలో వేసుకుని బయటికి నడిచింది.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాట ముందేసుకుని కూర్చుంది. వచ్చిన ఆ సగం ఆకునే మళ్ళీ రెండు పాళ్ళు చేసి, ఒకటి నా వైపు జరిపింది.